కూసోని నీళ్లు తాగే మనిషి

టీవీలో చూపించారు. ఏదో పట్నంలో కొత్త విమానాశ్రయమట, మొదటి విమానం దిగిందట. రెండు ఫైరింజన్లు చెరో పక్కన నిలబడి ఆకాశంలోకి నీళ్లు చిమ్ముతున్నాయి. ఆ నీళ్ల కమాను కింద నుంచి విమానం పెళ్లికొడుకులా నింపాదిగా నడిచి వస్తోంది. నేను అనంతపురం బస్టాండు పక్కన టీ అంగట్లో నిలబడి చూస్తున్నాను. పక్కనున్న కుర్రవాళ్లు చప్పట్లు కొట్టారు. నా నోటి నుంచి ఒక మాట ఊడిపడింది. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

"ఏమన్నా, నీళ్లు పోసినా కోపమేనా నీకు?" అన్నాడు టీ అంగడాయన.

అవును, కోపమే. టీ సగంలో వదిలేసి బయటికొచ్చాను. ఈ కోపం నా సొంతం కూడా కాదు. ఒకాయన నాకు అప్పజెప్పి పోయాడు. ఆయన పోయి కొన్నేళ్లయింది. కోపం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

ఆయన పేరు రాయను. ఒకసారి పేపర్లో పడింది, పడకూడని తీరులో పడింది, అది చాలు. ఊళ్ల వాళ్లకు ఆయన ఫైరింజను సాయిబు. మాకు పెద్దాయన. పామిడి దాటి గుంతకల్లు దారిలో కట్టిన విమానాశ్రయంలో మంటలార్పే దళానికి ఆయన పెద్ద, నేను ఆయన కింద ఒక ఫైర్‌మన్‌ని. ఆయనది గుంతకల్లు. నాది ముదిగుబ్బ పక్కన పల్లె.

ఆ విమానాశ్రయం కథ కూడా కొంత చెప్పాలి, లేకపోతే ఈ మనిషి అర్థం కాడు. ఆ బీడు భూముల్లో ఎప్పుడో మిలిటరీ వాళ్లు వేసి వదిలేసిన కంకర దారి ఒకటి ఉండేది. విమానాలు రాని కాలమంతా చుట్టుపక్కల వాళ్లు దాని మీద శెనక్కాయలు ఆరబోసుకున్నారు. తొంభైల చివర్లో ప్రభుత్వానికి ఉన్నట్టుండి అది గుర్తొచ్చింది. కంచె వేశారు. టవరు కట్టారు. తారు పోసి రన్‌వే పొడవు పెంచారు. పొద్దున ఒక విమానం, సాయంత్రం ఒకటి, పండగలప్పుడు ఇంకొకటి. పెద్ద విమానాశ్రయం కాదు, అలాగని మరీ గుడిసె కూడా కాదు. రన్‌వే పొడవు పెంచేటప్పుడు దారిలో ఒక కుంట అడ్డం వచ్చింది. నాలుగు చినుకులు పడితే నీళ్లు నిలిచే కుంట అది. కంచె అవతలి ఊరి మందలన్నీ అక్కడే నీళ్లు తాగేవి. దాన్ని మట్టితో పూడ్చి పైన తారు పోశారు. బదులుగా ఊరికి ఒక బోరు వేసిస్తామన్నారు. వేశారు కూడా. కానీ లోపల మా బోర్లు అంతకంటే లోతుకు దిగాయి. ఊరి బోరులో కొన్నాళ్లు బురద వచ్చింది, తర్వాత గాలి వచ్చింది, తర్వాత అదీ రాలేదు.

పెద్దాయన మొదటిసారి రన్‌వే మీద జీపులో తిరిగినప్పుడు ఆ పూడ్చిన చోట బండి ఆపించి దిగాడట. కాలితో తారును తట్టి, "దీని కింద నీళ్లుండె గదా?" అని డ్రైవర్ని అడిగాడట. డ్రైవరు ఆ పక్క ఊరివాడే. "ఉండె సార్" అన్నాడు. ఆయన మళ్లీ జీపెక్కాడు. ఈ మాట డ్రైవరు నాకు చాలాసార్లు చెప్పాడు.

ఆయన్ని తలచుకుంటే నాకు ముందుగా కనపడేది ఆయన నీళ్లు తాగే తీరు. నిలబడి తాగేవాడు కాదు. ఎక్కడున్నా సరే, ఎవరి ముందున్నా సరే, గొంతుక్కూర్చుని, చెంబు కుడిచేత పట్టుకుని, మూడు గుక్కల్లో ఆగి ఆగి తాగి, లేచేవాడు. రన్‌వే పక్కన తారు సెగలు కక్కుతున్నా అంతే. పైనుంచి తనిఖీకి పెద్ద అధికారి వచ్చి మాట్లాడుతుంటే, "ఒక్క నిమిషం సార్" అని ఆయన బూట్ల ముందే కూర్చుని తాగి లేచాడు. ఆ అధికారి దిక్కులు చూశాడు. మేము నవ్వు బిగబట్టుకున్నాం.

"అంత అవసరమా సార్?" అని అడిగాను ఒకసారి.

"నీళ్లు నీ కాడికి వస్తే నిలబడి మాట్లాడతావా? మా నాయన నేర్పినాడు. కూసో నువ్వు గూడా" అన్నాడు. కూర్చున్నాను. ఇప్పటికీ ఇంట్లో అలాగే తాగుతాను, నా భార్య ఎగతాళి చేస్తుంది.

రెండోది ఆయన కోపం. అరిచేవాడు కాదు. నెత్తిమీద టోపీ తీసి బల్ల మీద బోర్లించి పెట్టేవాడు. అంతే. టోపీ బల్ల మీదికొచ్చిందంటే మాలో ఎవరో ఒకరికి మూడిందని అర్థం. ఒకసారి ఒక కుర్ర ఫైర్‌మన్ ట్రక్కు కడుగుతూ పైపు కట్టకుండా వదిలేసి బీడీ కాల్చుకుంటున్నాడు. టోపీ బల్ల మీదికొచ్చింది. "ఏమప్పా, నీ పెండ్లానికి బిందె ఇచ్చి పంపు ఈడికి. ఈ పారేటివి పట్టుకోని పోనీ. నువ్వు ఆయమ్మ మొగం సూసి చెప్పు, నేను బీడీ కాలుస్తాంటినని" అన్నాడు. వాడు ఆ రోజు నుంచి బీడీ మానాడో లేదో గానీ, పైపు కట్టడం నేర్చుకున్నాడు.

విమానాశ్రయంలో మా పని ఎదురుచూడటం. విమానం దిగే ముందు జీపు ఒకటి రన్‌వే అంతా తిరిగి కుక్కల్నీ నక్కల్నీ తరిమి వస్తుంది. మేము ట్రక్కు ఇంజను తిప్పి, బూట్లు తొడిగి, నిలబడతాం. విమానం దిగుతుంది, పోతుంది. ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే మా ఉద్యోగం. కానీ ఏమన్నా జరిగితే పంపు మొరాయించకూడదు కదా. అందుకని రోజూ పొద్దున సైరన్ మోగించి, ట్రక్కు నెత్తినున్న గన్నుతో నీళ్లు చిమ్మి చూడాలి. అది నియమం. అన్ని చోట్లా చేస్తారు. మా ముందు పనిచేసిన వాళ్లు ట్రక్కును షెడ్డు ముందు నిలిపి సిమెంటు మీద చిమ్మేవారు. కంచె అవతల ఆడవాళ్లు బిందెలు చంకన పెట్టుకుని ట్యాంకరు కోసం నిలబడి, ఆ సిమెంటు తడవడం, ఆరడం చూస్తుండేవారు.

పెద్దాయన వచ్చిన వారంలోనే ట్రక్కును కంచె దగ్గరికి తోలించాడు. గన్నును కంచె మీదుగా అవతలికి తిప్పాడు.

"సార్, అవతలికా?" అన్నాను.

"పోయమని రాసినారు గదా?"

"రాశారు సార్."

"యాడ పోయాలనో రాసినారా?"

"రాయలేదు."

"అయితే నువ్వేం రాయొద్దు. నీళ్లు ఇప్పు."

మొదటి రోజు నీళ్లు ఎర్రమట్టి మీద పడి ఇంకిపోయాయి. మర్నాటికి అక్కడ ఒక రాతి తొట్టి వచ్చింది. ఎవరు దొర్లించుకొచ్చారో తెలియదు. తర్వాత ఇంకొకటి వచ్చింది. తొట్ల పక్కన బిందెలు వచ్చాయి. కొన్నాళ్లకు తొట్ల ముందు నల్ల కంబళి కప్పుకుని ఒక కురుబ అవ్వ వచ్చి నిలబడింది. ఆమె వెనక ఆమె మంద.

ఆ అవ్వ నోరు మంచిది కాదు. ఊళ్లో ఆమెకు ఎదురు మాట్లాడే మగాడు లేడు. పొద్దున్నే కంచె అవతల నుంచి కేకేసేది.

"ఏం సాయిబూ, ఇయ్యాల ఎండ నెత్తికొచ్చె, ఇంగా లేవల్యా నువ్వు? జీవాలు సచ్చిపోతాండాయి ఈడ!"

"నీ జీవాలకు గడియారం కట్టినావేమవ్వా?"

"గడియారం ఏంటికి, నీ కూత వింటే సాలు, యాడ మేస్తాన్నా పరిగెత్తుకోని వస్తాయి. నా మాట ఇనవు, నీ మాట ఇంటాయి, తిక్క సాయిబూ!"

అది నిజం. సైరన్ మోగితే చాలు. గుండ్ల వెనక నుంచి, కంపచెట్ల సందుల్లో నుంచి మందకు మంద కదిలి వచ్చేది. పిలవక్కర్లేదు, తోలక్కర్లేదు. గొర్రెలు తొట్ల చుట్టూ ముట్టె ఆనించి నిలబడేవి. ఆయన ట్రక్కు మెట్టు మీద కూర్చుని అవి తాగేంతసేపు చూసేవాడు. ఆఖరి గొర్రె ముట్టె ఎత్తాక తన చెంబు తీసి తాను తాగేవాడు. "మంట రాదప్పా మనకు. దేవుడి దయ. దప్పిక మాత్రం దినామూ వస్తాది" అనేవాడు. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఇది కొన్నేళ్లు నడిచింది. మేనేజర్లు మారారు. కొందరు చూసీ చూడనట్టు పోయారు. ఒకాయన అయితే ఆదివారం పిల్లల్ని తీసుకొచ్చి గొర్రెల్ని చూపించాడు. తర్వాత ఒకడొచ్చాడు. "వచ్చాడు" అనే రాస్తాను, "వచ్చారు" అని రాయడానికి నా చేయి ఒప్పుకోదు. సన్నటి మీసం, చల్లటి గొంతు. ఎవర్నైనా "అండీ" అని పిలిచేవాడు. ఆ "అండీ" చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలేది.

ఆ ఎండాకాలం పెద్ద విమానం ఒకటి మొదటిసారి మా రన్‌వే మీద దిగబోతోందని, అందులో మంత్రిగారు వస్తున్నారని కబురు వచ్చింది. అంతకు ముందు రెండేళ్లుగా వానల్లేవు. శెనక్కాయ విత్తనం కూడా వెనక్కి రాలేదు. ఊళ్లలో సగం మంది బెంగుళూరు పనులకు పోయారు. మిగిలింది ముసలివాళ్లు, పిల్లలు, జీవాలు. మేనేజరు మాత్రం టెర్మినల్ ముందు పచ్చగడ్డి పరిపించి, దానికి ట్యాంకర్లతో నీళ్లు పెట్టిస్తున్నాడు. పెద్దాయన్ని పిలిచాడు. పక్కన నేనూ ఉన్నాను.

"చూడండీ, బయటి దేశాల్లో మొదటి విమానానికి నీళ్ల కమాను పడతారు. మనమూ పట్టాలి. రెండు ట్రక్కులూ, నిండు ట్యాంకులూ. అందుకని ఈ వారం పొద్దుటి పరీక్షలో నీళ్లు వృథా చేయకండి. లోపలి వైపు కొంచెం చిమ్మి ఆపేయండి."

"వృథా ఏం కాల్యా సార్. జీవాలు తాగుతాండాయి."

"ఇది విమానాశ్రయమా అండీ, గొర్రెల దొడ్డా?"

"ఆ జీవాలు అడుక్కునేకి రాల్యా సార్. వాటి కుంట మింద మనం రన్‌వే ఏసినాం. ఆ గడ్డి ఎండితే ఎవురూ సావరు. జీవాలు సస్తాయి."

మేనేజరు నవ్వాడు. "మీకు ఆర్డరు కాగితం కావాలా, మాట చాలా?"

టోపీ తీశాడు పెద్దాయన. మేనేజరు బల్ల మీద, వాడి ఫోను పక్కన, బోర్లించి పెట్టాడు. ఆ టోపీ అర్థం మేనేజరుకు తెలియదు. "టోపీ మర్చిపోతున్నారు" అన్నాడు, ఆయన వెనక్కి తిరిగినప్పుడు.

కానీ మాట విన్నాడు పెద్దాయన. అది కూడా చెప్పాలి. ముప్పై ఏళ్లు యూనిఫారం వేసుకున్న మనిషి, ఆర్డరంటే ఆర్డరే. ఆ వారం పొద్దున్నే సైరన్ మోగేది. అది మోగించకుండా పరీక్ష పూర్తి కాదు. మంద వచ్చేది. తొట్లు ఎండి ఉండేవి. గన్ను లోపలి వైపు తిరిగి సిమెంటు మీద నాలుగు చుక్కలు చిమ్మి ఆగిపోయేది. గొర్రెలు కంచెకు ముట్టెలు ఆనించి ఆ తడి వైపు చూసేవి.

"ఏం సాయిబూ, మా మింద అలిగితివా?" అని అరిచింది అవ్వ మొదటి రోజు. రెండో రోజు, "ఏం తప్పు చేస్తిమో చెప్పరాదా?" అంది. మూడో రోజు ఎండిన తొట్టి అంచు మీద కూర్చుంది. పెద్దాయన ట్రక్కు అద్దాలు ఎత్తేసుకుని లోపల కూర్చున్నాడు, ఆ ఎండలో.

విమానం వచ్చిన రోజు ఎండ ఎలా ఉందో చెప్పను, ఆ సీమలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. టెర్మినల్ ముందు షామియానా, పూలదండలు, బ్యాండు. కమాను కోసం ఆయన ట్రక్కు ఒక పక్క, నా ట్రక్కు ఎదురుగా. విమానం దిగి, మలుపు తిరిగి, మా వైపు వస్తోంది. మేనేజరు చేయి ఊపాడు. నీళ్లు వదిలాం. అది చాలదని వాడికి ఇంకా ఘనంగా ఉండాలనిపించింది. "సైరన్! సైరన్ వేయండి!" అని అరిచాడు.

పెద్దాయన వేయలేదు. కిటికీలో నుంచి తల బయటికి పెట్టి, "సైరన్ వద్దు సార్! జీవాలు వస్తాయి!" అని కేకేశాడు. నా చెవులతో విన్నాను. బ్యాండు మోతలో వాడికి వినపడలేదో, విన్నా లెక్కపెట్టలేదో. పరిగెత్తుకుంటూ వచ్చి, ట్రక్కు మెట్టెక్కి, తానే చేయి లోపలికి పెట్టి మీట నొక్కాడు.

వారం రోజులుగా తాగీ తాగక ఉన్న మంద. సైరన్ మోగింది. ఎదురుగా ఆకాశమంత నీళ్లు. కంచె రాళ్లు పాతవి, ఒకచోట ముందే వాలి ఉన్నాయి. ఇంకేం కావాలి? అవి తోసుకుని వచ్చేశాయి. అవ్వ వెనక నుంచి "హోయ్, హోయ్" అంటూ పరిగెత్తుతోంది, ఆమె గొంతు ఎవరు వింటారు? నేను నా గన్ను ఆపేశాను. పైలట్ మంచివాడు, విమానాన్ని ఆపి ఇంజన్లు ఆర్పేశాడు. లేకపోతే ఏమయ్యేదో తలచుకోలేను. విమానం చుట్టూ గొర్రెలు. మంత్రిగారు లోపల. బ్యాండు వాళ్లు కొడుతూనే ఉన్నారు. గొర్రెలు మాత్రం ఎవర్నీ పట్టించుకోలేదు. సిమెంటు మీద పారిన నీళ్లను నాలుకలతో నాకుతున్నాయి. కాలే సిమెంటు మీద, మోకాళ్ల మీద వంగి, నాకుతున్నాయి.

"ఆపండి! నీళ్లు ఆపండి!" అని మేనేజరు గంతులేస్తున్నాడు.

పెద్దాయన ఆపలేదు. గన్నును మెల్లగా కిందికి దించాడు. కమాను వంగి వంగి నేల మీదికొచ్చింది. అక్కడ వాన నీళ్లు పోయే సిమెంటు కాలువ ఒకటి ఉంది, వానల్లేక ఎండి పగిలి ఉంది. దాని నిండా వదిలాడు. గొర్రెలన్నీ కాలువ మీద పడ్డాయి. ట్యాంకు ఖాళీ అయ్యే దాకా ఆయన చేయి తీయలేదు.

అది తప్పే. నేనూ ఫైర్‌మన్‌నే. మనుషులున్న విమానం ఎదురుగా ఉండగా ట్రక్కు ఖాళీ చేయకూడదు. నా ట్యాంకు ఇంకా సగం పైగా ఉంది గాబట్టి సరిపోయింది, కానీ తప్పు తప్పే. ఆయనకూ తెలుసు. అయినా ఆయన ఇంకోలా చేసి ఉంటే నేను ఈ పూట ఇది రాసేవాణ్ణి కాదు.

తర్వాత పోలీసులు లాఠీలతో మందను తరిమారు. కొన్ని జీవాలకు కాళ్లు విరిగాయి, కొన్ని తొక్కిసలాటలో చచ్చాయి. మిగిలినవాటిని బందెలదొడ్డిలో పెట్టారు. మర్నాడు పేపర్లో ఆయన పేరు వేసి, ఊరివాళ్లతో చేతులు కలిపి మంత్రి విమానం మీదికి గొర్రెల్ని తోలించాడని రాశారు. ఎవరు చెప్పి రాయించారో మాకు తెలుసు.

విచారణ టెర్మినల్ పైగదిలో జరిగింది. ఏసీ గది. ముగ్గురు అధికారులు బల్ల వెనక, మేనేజరు పక్కన. నన్ను సాక్షిగా పిలిచారు, చూసింది చూసినట్టు చెప్పాను, సైరన్ మీట ఎవరు నొక్కారో కూడా చెప్పాను. రాసుకున్నారో లేదో. నన్ను తలుపు దగ్గర నిలబడమన్నారు. పెద్దాయన గది మధ్యలో నిలబడి ఉన్నాడు. కుర్చీ వేయలేదు. గొంతు ఎండిపోయి మాట రాక నీళ్లు అడిగాడు. అటెండరు గ్లాసు తెచ్చిచ్చాడు.

ఆయన ఒకసారి చుట్టూ చూశాడు. తర్వాత మెరిసే ఆ నాపరాళ్ల నేల మీద గొంతుక్కూర్చుని, ఆగి ఆగి, మూడు గుక్కల్లో తాగాడు. అధికారులు ముగ్గురూ బల్ల మీదికి వంగి చూశారు, కింద ఏం చేస్తున్నాడో అర్థం కాక. మేనేజరు పెదవి చాటున నవ్వాడు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను.

లేచి చెప్పాడు. "ట్యాంకు ఖాళీ చేసినా సార్. ఒప్పుకుంటాండా. దానికి ఏం శిక్ష ఏసినా సరే. కానీ గొర్రెల్ని నేను తోలించినా అంటాండారు, అది అబద్ధం. ఊరోళ్లను పిలిచి అడగండి. ఆ యవ్వను పిలవండి. ఆయమ్మ నోట్లో అబద్ధం రాదు."

ముగ్గురిలో పెద్ద అధికారి మేనేజరు వైపు చూశాడు.

"కబురు పంపాం సార్. పొద్దుటి నుంచి చూస్తున్నాం. ఎవరూ రాలేదు" అన్నాడు మేనేజరు.

పెద్దాయన మొహం అప్పుడు మారింది. అంతదాకా మారలేదు. "ఎవురూ రాల్యా?" అన్నాడు. "ఒక్కరు గూడా?"

"ఎవరూ రాలేదండీ."

పెద్దాయన ఉద్యోగం పోయింది. కంచె ఉన్నచోట పెద్ద గోడ కట్టారు. గోడ అవతల నుంచి గొర్రెల అరుపులు చాలా నెలలు వినపడ్డాయి, పొద్దున్నే, సైరన్ మోగగానే.

గుంతకల్లులో అల్లుడి సైకిల్ అంగడి ముందు బల్ల మీద కూర్చునేవాడు ఆయన. నేను రైలు మారడానికి దిగినప్పుడల్లా పోయి చూసేవాణ్ణి. మొదట్లో మేనేజర్ని తిడతాడేమో అనుకున్నాను. వాడి ఊసే ఎత్తేవాడు కాదు. "వాడు అంతే గదా, వాని మింద కోపం ఏంటికి?" అనేవాడు. "ఉద్యోగం పోయినేదానికి నాకు బాధ ల్యా నాయనా. ఒక్కరన్నా వచ్చింటే సాలు. ఆ యవ్వ ఒక్కతి వచ్చి, ఈ సాయిబు మా జీవాలకు నీళ్లు పోసినాడప్పా అనింటే సాలు. పనికి తీసుకోకున్నా సరే. నా తల ఎత్తుకోని ఇంటికి పోయేవాణ్ణి."

"ఊరికి పోయి అడుగుదాం పద సార్, నేను తోడొస్తా" అన్నాను.

"నేను పోను. నీళ్లు పోసినోడు పోయి, ఏంటికి రాల్యా అని అడుగుతాడా? నువ్వు పోయినా నా మీద ఒట్టే" అన్నాడు. టోపీ లేదు గానీ, చేయి తలమీదికి పోయి వెనక్కి వచ్చింది. నేను పోలేదు. ఆ ఊరి మీద నాకూ కోపం ముదిరింది. ఆ దారిలో బస్సు పోతుంటే అటు తల తిప్పేవాణ్ణి కాదు. ఆయన చివరి రోజుల్లో మంచం మీద కూడా ఆ మాటే అన్నాడట. కూతురు చెప్పింది.

ఆయన పోయిన మూడోనాడు నేను గుంతకల్లు ఖబరస్తానుకు పోయాను. ఇంటివాళ్లు ప్రార్థన ముగించి వెళ్లిపోయారు. నేను ఒక్కణ్ణే గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ నల్ల కంబళి. అదే అవ్వ. నడుము వంగిపోయింది. చంకలో చిన్న ఇత్తడి బిందె, మూతికి గుడ్డ కట్టి ఉంది. గొర్రెల సంతకు వచ్చినవాళ్లెవరో చెబితే, ఊరి నుంచి బస్సెక్కి వచ్చిందట.

నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దామె అని కూడా చూడలేదు. "ఇప్పుడొచ్చినావా అవ్వా? ఆ పొద్దు రావడానికి కాళ్లు రాలేదు గానీ, ఈ పొద్దు వచ్చినాయా?" అన్నాను.

ఆమె నన్ను గుర్తుపట్టలేదు. నా మాట కూడా వినలేదు. గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయనతో తగువులో ఉంది. "ఆడోళ్లు లోపలికి రాకూడదమ్మా, ఈడి నుంచే దండం పెట్టుకో" అంటున్నాడాయన నెమ్మదిగా.

అవ్వ గేటు ఊచలు పట్టుకుని గుంజింది. "ఏమప్పా, ఈడ గూడా పాసు కావల్నా?"

"ఏం పాసు అవ్వా?" అన్నాను.

"ఏం పాసా? ఆ పొద్దు అడిగిన పాసు! సాయిబు కేసు నడుస్తాంటే ఊరు ఊరంతా వస్తిమి. సాచ్చెం చెప్పేకి. పిల్లా జెల్లా అందరమూ. గేటు కాడ తుపాకీ పట్టుకోని నిలబడినోళ్లు పాసు ఉండాదా అనిరి. మాకెవురిస్తారు పాసు? లోపలికి సెప్పండి సామీ, ఫైరింజను సాయిబు మనుషులు వచ్చినారని సెప్పండి అంటిమి. సెప్పినాము, కూసోండి అనిరి. ఎండలో కూసుంటిమి. పొద్దు గుంకినాక, అయిపోయింది పోండి అనిరి."

ఆ గది కిటికీలకు అవతలి వైపు కదా గేటు, మైలు దూరంలో. మేనేజరు తెలిసే అబద్ధం చెప్పాడో, గేటు వాళ్లు కబురే పంపలేదో, ఇక ఎవర్ని అడగను? ఆ వాక్యం మాత్రం నా చెవిలో ఉంది. "ఎవరూ రాలేదండీ." ఆ "అండీ" తో ఒక మనిషిని చంపారు. ఆయన అన్నేళ్లు ఆ బల్ల మీద కూర్చుని, రాని మనుషుల కోసం కాదు, వచ్చి గేటు బయట కూర్చున్న మనుషుల కోసం కుమిలిపోయాడు.

"మీరు రాలేదని చెప్పారవ్వా ఆయనకు" అన్నాను. "రాలేదనే అనుకుని పోయినాడు."

అవ్వ గేటు ఊచలు వదిలేసింది. కాపలా ముసలాయన మమ్మల్నిద్దర్నీ చూశాడు. జేబులో చెయ్యి పెట్టి తాళం చెవి తీశాడు. గేటు తెరిచి పక్కకు నిలబడ్డాడు.

"పోమ్మా" అన్నాడు. "ఈడ పాసు ల్యా."

అవ్వ పోయి ఆ పచ్చిమట్టి దిబ్బ ముందు నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. కంచె అవతల నుంచి పొద్దున్నే కేకేసే గొంతుతోనే అరిచింది.

"ఏమయ్యా తిక్క సాయిబూ! రాల్యా అనుకుంటివా? వానెవుడో చెప్తే నమ్మితివా? మందను ఇడిసిపెట్టి వస్తిమి గదరా నీ కోసం! ఒక్క దినం మా ఊరికి వచ్చి, ఏమే ముసల్దానా ఏంటికి రాలేదని నన్ను తిట్టింటే ఏం పోయేది నీ సొమ్ము? ఆ పొద్దే సెప్పేదాన్ని గదా! అడక్కుండా పోతివి. నోరు ల్యా నీకు?"

అరిచి అరిచి దగ్గు వచ్చి ఆగింది. మోకాళ్ల మీద కూర్చుని బిందె మూతికి కట్టిన గుడ్డ విప్పింది. నీళ్లు తల వైపు నుంచి కాళ్ల దాకా, ఆపి ఆపి, మెల్లగా పోసింది. మట్టి మీద చేయి పెట్టి, తడి దిగిందో లేదో చూసింది. మిగిలిన నీళ్లు కూడా వంచేసింది.

"కూసోని తాగేవాడివి" అంది, ఈసారి మెల్లగా. "ఇంగ పండుకోని తాగు."